అత్తయ్య తరఫున మొగుజో రాజ్యానికి

ఒసాకా, ఆసుపత్రి
జనవరి 12

కోడలు పిల్ల చిసాతోకి,

నువ్వు అల్లి పంపిన మేజోళ్ళు అందాయి. వేసుకుని పడుకుంటే పాదాలు రొట్టెల పెనం మీద పెట్టినట్టున్నాయి. పక్క మంచం ఆవిడ చూసి, "ఎవరల్లారండీ?" అంది. "మా కోడలు" అన్నాను. "మీ అబ్బాయి పోయాడన్నారుగా, ఇంకా కోడలేనా?" అంది. కొడుకు పోతే కోడలు కూడా మాసిపోతుందా అని అడగబోయాను గానీ, ఆవిడకి మర్నాడు ఆపరేషను. ఊరుకున్నాను.

మనవడి పెళ్ళికని వచ్చినదాన్ని పెళ్ళి భోజనం ఒక్క పూట తిని, ఆసుపత్రి గంజి రెండు నెలలుగా తాగుతున్నాను. కజుయో ఇంటి గుమ్మంలో జారడమేమిటి, తుంటి విరగడమేమిటి! నా కూతురింటి గుమ్మమే నన్ను ఇంత పని చేసింది. ఎముక అతుక్కుందట. ఇక నడక రావాలి.

నడక నేర్పే నరుమి అనే పిల్ల నాకు వీడియో గేమ్ పెట్టింది. నవ్వకు. ఒక పలక మీద నిలబడాలి. ఎడమకి ఒరిగితే తెరమీద చుంచెలుక ఎడమకి తవ్వుతుంది, కుడికి ఒరిగితే కుడికి. దాని పేరు మొగుజో. తలకి తువ్వాలు, ముక్కుమీద కళ్ళద్దాలు. జీవితమంతా మన కమలాతోట గట్లు తవ్వే చుంచుల్ని పార పట్టుకుని తరిమాను. ఇప్పుడు వాటి రాజ్యాన్ని కాపాడుతున్నాను. నిన్న ఆటలో మూడో గుమ్మం దాటాను. నరుమి చప్పట్లు కొట్టింది.

ఇంకో సంగతి. కజుయో సముద్రం కనిపించేచోట ఒక వృద్ధుల నిలయం చూసింది. ఏప్రిల్లో గది ఖాళీ అవుతుందట. ఫిబ్రవరి ఆఖరుకల్లా ఔనో కాదో చెప్పాలి. నీకేమనిపిస్తుంది? ఒంటిదానివి, తోట పని ఉంది, పైగా నేను ఇప్పుడు కర్ర మనిషిని. నీకెలా వీలైతే అలాగే.

ఉత్తరాలే రాయి. ఫోనులో నీ మాట నాకు పిచ్చుక గొంతులా ఉంటుంది.

గంజి తాగుతున్న మీ అత్త,
ఉమెనో


తొకుషిమా, మియానోతాని
జనవరి 19

పూజ్యులైన అత్తయ్యకి నమస్కరించి,

మీరు మూడో గుమ్మం దాటారని చదివి, దీపం వెలిగించేటప్పుడు ఆయనతో చెప్పాను. ఫోటోలో ఆయన నవ్వుతున్నట్టే అనిపించింది. బతికుంటే, "అమ్మ ఓడిపోతే ఆ తెర పగలగొడుతుంది, జాగ్రత్త" అనేవారు.

వృద్ధుల నిలయం సంగతి రాశారు. కజుయో వదిన మీ సొంత కూతురు, ఏం చేసినా మీ మంచికే చేస్తారు. ఇక్కడి గురించి మీరేమీ ఆలోచించవద్దు. తొందరపడి బయల్దేరవద్దు కూడా. ఇల్లూ తోటా నేను చూసుకోగలను. అంతా మీ ఇష్టం.

ఇక్కడ మంచు పడింది. పాత కొట్టం కప్పు పెంకులు జారి నీళ్ళు దిగాయి. లోపల నిలవపెట్టిన కమలాలు తడవకుండా పెట్టెలన్నీ మీ గదిలోకి చేర్చాను. మీరు లేని గది కదా, ఇబ్బంది లేదు. సర్దుకున్నాయి.

అంత మంచులోనూ ఒక యాత్రికుడు పైగుడికి వెళుతూ మన వాకిట్లో ఆగాడు. గెడ్డం నిండా మంచు. టీ, రెండు కమలాలు ఇచ్చాను. చేతికర్ర ఆనించి దణ్ణం పెట్టి తిన్నాడు. వీళ్ళలో ఎవరి వెనక ఈ యాత్ర మొదలుపెట్టిన దైషి స్వామి నడుస్తుంటారో మనకేం తెలుసు, నేను మాత్రం అతను వెళ్ళేదాకా నిలబడే ఉన్నాను.

మీ ఆరోగ్యం కోసం రోజూ బుద్ధుడి సూత్రం చదువుతున్నాను.

మీ కోడలు,
చిసాతో


ఒసాకా
జనవరి 27

చిసాతోకి,

నా గదిలో కమలాలు చేరాయన్నమాట. మంచిదే. నాకంటే అవి తక్కువ గొణుగుతాయి, దక్షిణపు ఎండా తగులుతుంది.

నాకిక్కడ ఏ లోటూ లేదు. ఒసాకా వాళ్ళు మాటకారులు, ఆసుపత్రిలో కూడా నవ్వించి చంపుతారు. తుంటి విరిగిన ముసలాయన ఒకడు రోజూ, "పరుగుపందానికి వస్తారా ఉమెనోగారూ?" అంటాడు. "మీరు ముందు మీ చెప్పులు వెతుక్కోండి" అంటాను. ఇదీ మా కాలక్షేపం. ఐదో గుమ్మం కూడా దాటాను.

నీకొక పని చెప్తున్నాను. ఇక్కడ ఒసాకా వినోదాల తోటలో మొగుజో రాజ్యాన్ని నిజంగానే కట్టారట. తెరమీద ఉన్నదంతా మనుషులు నడిచేంత పెద్దగా, నేల కింద సొరంగాలు, గుమ్మాలు, అన్నీ. నరుమి చెప్తుంటే నా ప్రాణం అక్కడే ఉంది. డాక్టరు, "ఆ జనంలోకా? కుదరదు" అన్నాడు. నన్ను చూడ్డానికి నువ్వొచ్చినా ఫ్లూ జ్వరాలని ఆసుపత్రిలోకి ఎవర్నీ రానివ్వడం లేదు. కాబట్టి నా తరఫున నువ్వు వెళ్ళిరా. మోకాళ్ళు పట్టేసినవాళ్ళ తరఫున ఎన్నిసార్లు పైగుడి మెట్లెక్కి మొక్కు తీర్చలేదు నువ్వు? ఇదీ అంతే.

అన్ని గుమ్మాలూ దాటినవాళ్ళకి చివర ముద్ర వేస్తారట. నా బీరువా కింది అరలో తెల్ల అంగీ ఉంది కదా, అది తీసుకెళ్ళి దానిమీద వేయించు. యాత్రలో వేయించుకున్న ఎనభై ఎనిమిది గుళ్ళ ఎర్రముద్రల పక్కన ఇంకొకటి పడితే ఏం కొంప మునుగుతుంది? పోయేటప్పుడు అది తొడుక్కుని వెళతాను, అక్కడ స్వామి, "ఇదేం గుడి తల్లీ?" అని అడిగితే, "చుంచు రాజుగారిదండీ" అంటాను. ఆయన కూడా ఎప్పుడో ఒకసారి నవ్వాలి కదా.

టికెట్టు కజుయో కొంటుంది. వారాంతంలో వద్దు, తొక్కేస్తారు.

ఒసాకాలో కులాసాగా ఉన్న,
ఉమెనో


మియానోతాని
ఫిబ్రవరి 3

అత్తయ్యకి,

ఈవేళ దయ్యాల్ని తోలే రోజు. వేయించిన గింజలు వాకిట్లో చల్లాను. "దయ్యాలు బయటికి, భాగ్యం లోపలికి" అని అరవాలి కదా. ఏటా మీరు అరిచేవారు, కొండ అవతలికి వినపడేది. ఒక్కదాన్నే అరవాలంటే సిగ్గేసి లోలోపలే అనుకున్నాను. దయ్యాలకి వినపడిందో లేదో.

మీ ఉత్తరం చదివి మూడు రోజులు నిద్ర పట్టలేదు. ఆ అంగీని మీరు ఎంత నడిచి సంపాదించారో నాకు తెలుసు. దాని మీద ఆటల ముద్రా? నాకై నేను తేల్చుకోలేక పైగుడి పూజారిగారి దగ్గరికి వెళ్ళాను. చెప్పిందంతా విని ఆయన చాలాసేపు టీ తాగారు. చివరికి, "మా మనవరాలు ఆ ఆటలోనే ఆరో గుమ్మంలో ఇరుక్కుపోయి అన్నం మానేసింది. దాటే ఉపాయం ఉమెనోగారికేమైనా తెలిస్తే రాయమనండి" అన్నారు.

"మరి ముద్ర సంగతండీ?" అన్నాను.

"అంగీ ఆవిడది. పట్టుకెళ్ళేది మీరు. మధ్యలో నేనెవరిని?" అన్నారు.

కాబట్టి వెళ్తాను. బీరువా తెరిచి అంగీ తీశాను. అది అక్కడ లేకపోయేసరికి ఇల్లు ఒక్కసారిగా బోసిపోయింది. మీరు దాన్ని ఇక ఒసాకాలోనే దగ్గర ఉంచుకోదలిస్తే, తిరిగివచ్చేటప్పుడు కజుయో వదినకి అప్పగిస్తాను. అంతా మీ ఇష్టమే.

చలి జాగ్రత్త.

చిసాతో


ఒసాకా
ఫిబ్రవరి 8

చిసాతోకి,

అంగీ కజుయోకి అప్పగించి వెళ్తానన్నావు. అలాగే. మనిషి వస్తువులు మనిషి ఉన్నచోటే ఉండాలి. అర్థమైంది. ఇంటి తాళంచెవి కూడా నా సంచిలోనే ఉండిపోయింది, కజుయో నీకిస్తుంది.

నెలాఖరున నిలయంవాళ్ళకి ఔననే చెప్పమన్నాను. కజుయో, "నిజంగానే నీకు నచ్చిందా అమ్మా?" అంది. "కిటికీలోంచి ఓడలు కనిపిస్తాయిగా" అన్నాను. ఓడలతో నాకేం పని. కొండ మనిషిని.

పూజారిగారి మనవరాలికి చెప్పు: ఆరో గుమ్మంలో తవ్వకూడదు. ఊరికే నిలబడాలి. పైనుంచి వాన పడి మట్టి దానంతటదే కూలుతుంది. నాకూ నాలుగు రోజులు పట్టింది, ఊరికే ఉండడం ఎప్పుడు చేతనైంది నాకు?

చివరి గుమ్మం దగ్గర బావి ఉంటుందట. చుంచు రాజు అందులో నిద్రపోతుంటాడు. అరిచి లేపాలి. అదొక్కటే నీకు కష్టం. కుదరకపోతే పక్కవాళ్ళని అరవమను.

ఉమెనో


మియానోతాని
ఫిబ్రవరి 17

అత్తయ్యకి,

వెళ్ళొచ్చాను. మొదటినుంచీ చెప్తాను. మీ తరఫున వెళ్ళాను కాబట్టి అక్కడ కాళ్ళు నావైనా చూసిన కళ్ళు మీవే అనుకోండి.

మామూలుగా యాత్రకి వెళ్ళినట్టే తెల్లవారకముందే స్నానం చేసి, సూత్రం చదివి, అంగీని భుజానికి తగిలించుకున్నాను. కమలాలు ఒక మూట కట్టాను. మూటగుడ్డ దొరక్క, మీరు తోటలో తలకి కట్టుకునే నీలంరంగు గుడ్డలోనే కట్టాను, క్షమించండి. తొలి బస్సెక్కితే వంతెన మీద ఎండ వచ్చింది. కింద సముద్రంలో సుడిగుండాలు తిరుగుతున్నాయి.

మొగుజో రాజ్యానికి దారి పెద్ద సొరంగంలోంచి. వాలుగా కిందికి దిగుతుంటే మట్టివాసన, వానకి ముందు మన తోటలో వచ్చేలాంటిదే. ఎలా తెప్పించారో! లోపలికి వెళ్ళి తలెత్తితే కప్పంతా పొలం అడుగుభాగం. మనిషంత ముల్లంగి కొనలు, తాళ్ళలాంటి వేర్లు, కారెట్లు వేలాడుతున్నాయి. పెళ్ళయి వచ్చిందగ్గర్నుంచీ పైనుంచి చూస్తున్న నేలని నిన్న మొదటిసారి కిందినుంచి చూశాను. మనం పార వేస్తే కింద వాటి ఇంటికప్పు కూలుతుందన్నమాట. ఆ మాట అనుకుని కాస్త బాధపడ్డాను కూడా.

చేతికి ఒక పట్టీ కడతారు. గోడలమీద డోళ్ళుంటాయి, కొడితే మోగి దీపం వెలుగుతుంది. నేను ఒక్కొక్క గుమ్మం దగ్గరా అలవాటు కొద్దీ ఆగి, వంగి, దైషి స్వామి నామం అనుకుని లోపలికి అడుగుపెట్టాను. రెండో గుమ్మం దగ్గర వెనక ఏదో సద్దు వినిపించి తిరిగి చూద్దును కదా, వరుసలో ఉన్నవాళ్ళందరూ వంగి ఉన్నారు! నేను వంగితే తలుపు తెరుచుకుంటుందని అనుకున్నారట, అదీ ఆటలో భాగమేనని. కళాశాల పిల్లలు, సూటు వేసుకున్నాయన, అందరూ. కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆపైన ప్రతి గుమ్మం దగ్గరా మా వరుస మొత్తం నమస్కారం చేసుకుంటూనే సాగింది. అక్కడి ఉద్యోగులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు గానీ, వాళ్ళూ తిరిగి వంగారు.

నిలబడి నిలబడి అలసినవాళ్ళకి కమలాలు పంచాను. టోపీలు, సంచులు, చేతిలో ముద్రల కాగితాలు, యాత్రికుల్లాగే ఉన్నారు, చెయ్యి ఆగలేదు. మొదట జంకారు. నా ముందు చిరుతమచ్చల కోటు వేసుకున్న ఒసాకా ఆవిడ మాత్రం ఒలుచుకుని నోట్లో వేసుకుని, "అబ్బ, ఎంత తీపో! ఎక్కడివండీ?" అంటూ తన సంచిలోంచి చప్పరించే బిళ్ళలు గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. ఆవిడని చూసి ఇంకొకావిడ, ఆ వెనకావిడ. ఒసాకా ఆడవాళ్ళందరి సంచుల్లోనూ బిళ్ళలుంటాయేమో! అక్కడా యాత్రికులకి పెట్టే ఆచారం ఉందని సంతోషమేసింది. మూట ఖాళీ అయ్యేసరికి జేబులు నిండాయి.

నాలుగో గుమ్మంలో మొగుజోయే ఎదురొచ్చాడు. మనిషికంటే పొడుగు, మెత్తగా ఉన్నాడు. నేను నమస్కరించాను. అతనూ వంగాడు. ఎదుటివాళ్ళకంటే ముందు లేవడం మర్యాద కాదు కదా, నేను ఇంకా వంగాను. అతనూ వంగాడు. అలా ఎంతసేపు సాగేదో, చిరుతమచ్చల ఆవిడ, "అమ్మా, ఆయనకి నడుం పట్టేస్తుంది, పదండి!" అని నా భుజం పట్టి లాక్కెళ్ళింది.

ఆరో గుమ్మంలో ఊరికే నిలబడాలని మీరు చెప్పబట్టి మా వరుసంతా వెంటనే దాటింది. మా అత్తయ్య చెప్పారని అందరికీ చెప్పాను.

చివరికి బావి. మీరన్నట్టే రాజు అడుగున నిద్రపోతుంటాడు, గురక వినిపిస్తుంది. అరుపు ఎంత గట్టిదైతే అన్ని దీపపు వలయాలు కిందినుంచి పైకి వెలుగుతాయి. పైదాకా వస్తే లేస్తాడు. ఒక్కొక్కరూ అరవాలి. నా వంతు వచ్చింది. బావిలోకి వంగి, "క్షమించండి, కాస్త లేవగలరా?" అన్నాను.

ఒక్క వలయం వెలిగి ఆరిపోయింది. గురక పెరిగింది.

"ఏంటమ్మా అది? లేపుతున్నారా, జోకొడుతున్నారా?" అంది చిరుతమచ్చల ఆవిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "నాకు అరవడం రాదండీ, మీరు అరవండి" అన్నాను.

"కుదరదు, కుదరదు. రాజుగారితో మీకేం పని? ఎవరో ఒకరుంటారు కదా పిలవడానికి. వాళ్ళని పిలవండి!"

అప్పుడు భుజం మీద మీ అంగీ బరువు తెలిసింది. అది కజుయో వదినకి ఇచ్చేసి వట్టి చేతులతో బస్సెక్కడం కళ్ళముందు కనిపించింది. ఏమైందో నాకే తెలియదు అత్తయ్యా. బావి అంచు రెండు చేతులా పట్టుకుని, "అత్తయ్యా! ఇంటికి వచ్చేయండి!" అని అరిచాను.

వలయాలు సర్రున పైకొచ్చాయి, పైదొకటే మిగిలింది. గొంతు బొంగురుపోయింది. ఇంతలో చిరుతమచ్చల ఆవిడ నా పక్కకొచ్చి, "అత్తయ్యా! ఇంటికొచ్చేయండి!" అంది. సూటాయన అన్నాడు. కళాశాల పిల్లలు అన్నారు. ముక్కూమొహం తెలియని అంతమంది కలిసి బావిలోకి మిమ్మల్ని పిలిచారు. రాజు దిగ్గున లేచి, ముల్లంగిలన్నీ వణికి, తలుపు తెరుచుకుంది. ఆవిడ నా వీపు తట్టి, "అంతగా పిలిస్తే రాకుండా ఎలా ఉంటుందమ్మా ఆ ముసలావిడ?" అంది. ముసలావిడ అన్నందుకు ఆవిడ తరఫున నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ముద్ర వేసే బల్ల దగ్గర అంగీ విప్పాను. అక్కడి అమ్మాయి ఎర్రముద్రలు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది... చివరి ప్రయాణానికి తొడిగేది కదండీ? మా తాతయ్యకీ ఉండేది. వేయమంటారా?" అంది. మీరు కోరిందే కదా, వేయమనాలి. కానీ మీ చివరి ప్రయాణానికి ఇంకో ఏర్పాటు నా చేతులతో చేసిపెట్టడం నాకు ఇష్టం కాలేదు. మడిచి లోపల పెట్టేశాను. మీ తలగుడ్డ పరిచి, దాని మీద వేయించాను. తువ్వాలు కట్టుకున్న మొగుజో, ఎర్రసిరా. తోటలోకి కట్టుకోవచ్చు.

అంగీ కజుయో వదినకి ఇవ్వలేదు. తాళంచెవి తీసుకోలేదు. రెండూ మీ మాట తప్పడమే.

మీ గది ఒక్కదానికే ఈ చలిలో ఎండ వస్తుంది, అందుకే కమలాలు అక్కడ పెట్టాను. వాటికి కాపలా అని చెప్పుకుని, పెట్టెల మధ్య పక్క వేసుకుని నేనూ అక్కడే పడుకుంటున్నాను. మిగతా ఇంట్లో నిద్ర పట్టదు. వృద్ధుల నిలయం మంచిదే అయ్యుంటుంది. కర్ర మనిషైనా, మంచం మనిషైనా, మీరు ఇక్కడే ఉండాలి. అంతా మీ ఇష్టం అని ప్రతి ఉత్తరంలోనూ రాశాను. ఇది నా ఇష్టం.

బొంగురుగొంతుతో,
చిసాతో


ఒసాకా
ఫిబ్రవరి 21

చిసాతో,

నీ ఉత్తరం నరుమి చేత పైకి చదివించాను, నా కళ్ళు మసకబారి కాదు, అక్షరాలే చిన్నవి. బావి దగ్గరికి వచ్చేసరికి వార్డంతా లేచి కూర్చుంది. పరుగుపందెం ముసలాయన, "ఇంకా ఇక్కడేం చేస్తున్నారు ఉమెనోగారూ, లేవండి!" అని తన కర్ర నా మీదికి విసిరాడు. పక్క మంచం ఆవిడ ఆపరేషను బాగా జరిగింది. ముక్కు చీదుకుంటూ, "కోడలేనన్నారుగా" అంది. "కోడలే. మీకేమైనా అనుమానమా?" అన్నాను.

సాయంత్రం కజుయో కిందనుంచి ఫోను చేస్తే చెప్పాను. తిట్లు మొదలుపెట్టింది. "అమ్మా! తమ్ముడు పోయాక చిసాతో మీద నీకు హక్కు లేదని నువ్వే అన్నావు. నిన్ను వదిలించుకోవడానికి కాదు, నీకు చోటు లేదనుకుని ఊరంతా తిరిగి ఆ గది వెతికాను. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?" అంది. నాకు అడిగే హక్కు లేదని నేను, నీకు పిలిచే హక్కు లేదని నువ్వు, అడ్డుపడే హక్కు లేదని అది. ఇంత మర్యాదస్తులం కలిసి నన్ను సముద్రంలోకి తోసేవాళ్ళం. నిలయంవాళ్ళకి వద్దని చెప్పేసింది.

డాక్టరు నన్ను వరండా చివరిదాకా నడిపించి చూశాడు. స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకి కొయ్య పెట్టించమన్నాడు, మెట్లు ఎక్కొద్దన్నాడు. మెట్ల మాట వినపడనట్టు ఊరుకున్నాను. మార్చి రెండోవారంలో వదిలేస్తారట. కజుయో కారులో దింపుతుంది, రెండు రోజులు ఉండి వెళుతుంది. దానికి వేడినీళ్ళ తొట్టి దగ్గర బల్లులంటే భయం, చూసి తోలిపెట్టు.

వడ్రంగిని ఇప్పుడే పిలువు, వాడు పిలిచిన వారానికి గానీ రాడు. కొయ్య నా భుజం ఎత్తులో కాదు, మోచెయ్యి ఎత్తులో. పుల్లలా సన్నది పెట్టి పోతాడేమో, లావుది పెట్టించు. మంచం వద్దు, పరుపు చాలు. నీ పక్కా అక్కడే ఉండనీ, వేసవి దాకా. వచ్చిన రోజు చేప వద్దు, పీకి ఆరబెట్టిన ముల్లంగి పులుసు, అన్నం ఎక్కువ వండు. నాలుగు నెలల ఆకలితో వస్తున్నాను.

వస్తున్నాను. రావచ్చా అని అడగడం లేదు.

మీ అత్త,
ఉమెనో